రెండు వేళ్ళ మార్జిన్

కాలేజీ లైబ్రరీ వెనక గదిలో పుస్తకాలు బైండు చేసే పెద్దాయనని అందరూ కోత మాస్టారు అనేవారు. మాస్టారు అనడం ఆయన పాఠాలు చెప్పినందుకు కాదు. ఆయన చదివింది పల్లెటూరి ఒంటిగది బడిలో ఐదో తరగతి వరకే. కటింగ్ మిషన్ పిడి పట్టుకుని ఆయన పుస్తకం అంచు కోస్తే, దాని మీద గోలీ పెట్టి వదిలితే ఈ చివరి నుంచి ఆ చివరికి ఎక్కడా తడబడకుండా దొర్లిపోయేది. పేరు అలా వచ్చింది.

తన గురించి తాను చెప్పుకోవడానికి ఆయన ఎన్నడూ మొహమాటపడలేదు. పడవలసిన పనీ లేదు, చెప్పేవన్నీ నిజాలే కనుక. చుట్టుపక్కల ఏడు బళ్ళకీ కలిపి పెట్టిన చేతిరాత పోటీలో మొదటి బహుమతిగా చెక్క చట్రం ఉన్న పలక గెలుచుకున్నాడు. పద్నాలుగో ఏట దబ్బనం పట్టాడు. నలభై రెండేళ్ళలో ఈ లైబ్రరీలోని ప్రతి మూడు పుస్తకాల్లో ఒకటి ఆయన చేతి మీదుగానే బీరువా ఎక్కింది. గదిలోకి వాన నీళ్ళు వచ్చిన ఏడాది మూడు వందల ఇరవై పుస్తకాలని పేజీ పేజీకీ అద్దుడు కాగితం పెట్టి ఆరబెట్టి బతికించాడు. చెదలు తిన్న పాత రిజిస్టరు ఒకదాన్ని కొత్త కాగితం అతికి నిలబెడితే, పెద్ద ఊరి నుంచి వచ్చిన అధికారి చేతిలో పట్టుకుని, "ఇది ఎవరు కట్టారు?" అని అడిగాడు. "నేనే" అని ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ సంగతి వినని మనిషి ఆ వీధిలో లేడు. రెండుసార్లు విననివాడూ లేడు.

ఇంకో విశేషం కూడా ఉంది. కుట్టేముందు పేజీల వరస చూసుకోవాలి కదా, ఆ వంకతో కట్టే ప్రతి పుస్తకాన్నీ ఆయన చదివేవాడు. "డిగ్రీలు వాళ్ళవి, చదువు నాది" అనేవాడు.

ఇంత చెప్పుకునే మనిషి ఒకే ఒక్క పుస్తకం గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇది దాని సంగతి.

ఆ పుస్తకాన్ని తెచ్చింది రిటైరైన ఫిలాసఫీ టీచరమ్మ. ఇంచుమించు ఆయన వయసే. చూపు బాగా మందగించింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం మసక మచ్చలా కనిపిస్తుందట, పక్కనున్న తలుపు మాత్రం తెలుస్తుందట. అందుకని మాట్లాడేటప్పుడు తల కొద్దిగా పక్కకి తిప్పేది. గుడ్డసంచీలోంచి పెద్ద కట్ట ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. పొడుగు కాగితాల్ని మధ్యకి మడిచి, పన్నెండేళ్ళ పాటు చేత్తో రాసుకున్న పుస్తకం. కాగితాలు ఎప్పటివప్పుడు కొన్నవి, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు.

"ఇదొకటే ప్రతి, బైండరు గారూ. నకలు లేదు. లైబ్రరీకి ఇచ్చేద్దామనుకుంటున్నా. ఒక్క అక్షరం పోకుండా చూడండి."

"నా చేతికొచ్చాక ఇంకా దిగులెందుకు టీచరమ్మా! మూడు వందల ఇరవై పుస్తకాలు నీళ్ళల్లోంచి తీసినవాణ్ణి."

"విన్నాను. మీరే చెప్పారు," అని నవ్విందావిడ.

"ఇంతకీ ఇందులో ఏం రాశారమ్మా?"

"నవ్య ప్లేటోవాదం అని ఒక పాత ఆలోచన. పదిహేడు వందల ఏళ్ళ కిందటిది. అన్నిటికీ మూలం ఒకటి ఉంది, దానికి ఏ పేరు పెట్టినా తక్కువే అన్నారు వాళ్ళు. ఆ ఒకటిలోంచి బుద్ధి వచ్చింది, బుద్ధిలోంచి ఆత్మ, ఆత్మలోంచి ఈ కనబడే లోకం. గిన్నె నిండి పొర్లినట్టు. అయితే గిన్నె మాత్రం తరగదు."

"తరగకపోవడమేంటమ్మా! మా జిగురు గిన్నె పొద్దున్న నింపితే మధ్యాహ్నానికి అడుగు కనిపిస్తుంది."

"అందుకే మీది జిగురు, వాళ్ళది దేవుడు," అందావిడ. "తమాషా ఏంటంటే, ఆ మాటలు తర్వాత క్రైస్తవులూ, యూదులూ, ముస్లింలూ ఎవరికి వాళ్ళు తీసుకున్నారు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటూనే ఆ భాషలో తలుచుకున్నారు. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎలా తీసుకున్నారు, అదే నా పుస్తకం."

ఆ వారమంతా కోత మాస్టారు ఆ పుస్తకంలోనే ఉన్నాడు. బల్లకి అటువైపు కుట్టుపని చేసే ఆవిడ కూర్చునేది. పాతికేళ్ళుగా ఒకే గదిలో పని చేస్తున్నారు. ఆయన ఆవిణ్ణి చెల్లెమ్మా అనేవాడు, ఆవిడ ఆయన్ని అన్నా అనేది. చదివిందల్లా ఆయన ఆవిడకి వినిపించేవాడు.

"ఇది విన్నావా చెల్లెమ్మా? ఆ వాదానికి మూలపురుషుడు ఒకాయన ఉన్నాడు. తనకి ఒళ్ళు ఉన్నందుకే సిగ్గుపడేవాడట. బొమ్మ గీస్తామంటే వద్దన్నాడట."

"పాపం, ఆయన పెళ్ళాం ఏం అవస్థ పడిందో."

"పెళ్ళి చేసుకోలేదులే."

"ఎవరో అదృష్టవంతురాలు," అని ఆవిడ దారం పళ్ళతో తెంపింది.

నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి మాస్టారు చదవడం ఆపి నిటారుగా కూర్చున్నాడు. మూలమైన ఆ ఒకటిని చేరడానికి ఏమీ కలపనక్కర్లేదు, తీసెయ్యాలి అని టీచరమ్మ వివరించింది. శిల్పి రాయిలో ఎక్కువైంది చెక్కేసి, వంకర సరిచేసి, లోపలున్న రూపాన్ని బయటికి తీసినట్టు మనిషి తనలో ఎక్కువైంది తీసేసుకోవాలి. తర్వాతి కాలంలో మూడు మతాల సాధకులూ దేవుడి గురించి 'ఇలాంటివాడు' అనడం మానేసి, 'ఇది కాదు, ఇది కూడా కాదు' అని ఒక్కో మాటా తీసేస్తూ వెళ్ళడం అక్కడే నేర్చుకున్నారు.

ఆయన రెండు చేతులూ బల్ల మీద చరిచాడు. "నలభై రెండేళ్ళుగా నేను చేస్తున్నదేంటి? ఇదే కదా! ఎక్కువైంది కోసెయ్యడం, వంకర తియ్యడం. రోమ్ నగరంలో పాఠాలు చెప్పిన ఆ మూలపురుషుడు అన్నదీ, ఒంటిగది బడిలో చదివినోడు చేసిందీ ఒకటే!"

"అయితే నీ బొమ్మ కూడా గీయొద్దంటావా అన్నా?"

"నన్ను గీసేవాడు ఇంకా పుట్టలేదు," అన్నాడాయన.

మడత కాగితాల ఫారాలు కుట్టడం, వెన్నుకి జిగురు పట్టించడం అయ్యాయి. కోతకి పెట్టేరోజు వచ్చింది. కాగితాలు హెచ్చుతగ్గులుగా ఉండటం వల్ల పుస్తకం అంచు చింపిరి జుట్టులా ఉంది. అక్కడక్కడ అంచు పొడుగునా సన్నటి పెన్సిల్ గీతలు, కొక్కిరిబిక్కిరి రాతలు. అవి చిత్తు రాతలని ఆయన నిర్ణయించాడు. నల్ల సిరాతో అంత పొందికగా రాసినావిడ చివరి మాట పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా రాస్తుందా? పైగా బీరువా అరకి సరిపోవాలంటే రెండు వేళ్ళ వెడల్పు తియ్యకతప్పదు.

"అన్నా, అంచుల్లో ఏదో రాసుంది. ఒకసారి ఆవిణ్ణి అడిగి కొయ్యరాదూ?"

"నువ్వు దారం చూసుకో చెల్లెమ్మా. ఏది ఉంచాలో ఏది తియ్యాలో నాకు ఆ నాలుగో అధ్యాయం చెప్పింది."

పిడి కిందికి లాగాడు. కత్తి ఒక్క ఊపులో దిగింది. కాగితం ముక్కలు రిబ్బన్లలా కిందపడ్డాయి. అయిదింటిని ఏరి, అలవాటు ప్రకారం వెన్ను మీద బలానికి అతికాడు. మిగతావి మూలనున్న గోనెసంచీలోకి పోయాయి. శనివారం అట్టల మిల్లు బండి వచ్చి ఆ సంచీ పట్టుకుపోయింది.

సోమవారం పొద్దున్నే పుస్తకాన్ని కొత్త తువ్వాల్లో చుట్టి ఆయన స్వయంగా టీచరమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చునుంది ఆవిడ. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అట్ట తడిమింది, వెన్ను తడిమింది, అంచు మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి రాసింది.

"ఎంత నున్నగా ఉందండీ!"

"గోలీ పెట్టి చూడండమ్మా, ఆగదు."

"చాలా సంతోషం. ఒక్క సాయం చేస్తారా? నా కంటికి ఆనదు. నూట పదకొండో పేజీ తియ్యండి. పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక మాట రాసుకున్నాను, అది చదివి వినిపించండి. నిన్నటి నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది."

ఆయన చెయ్యి పేజీ తిప్పింది. నూట పదకొండో పేజీలో నల్ల సిరా వరసలు ఉన్నాయి, వాటి పక్కన అంచు ఉంది. మధ్యలో వేలు పెట్టడానికి కూడా చోటు లేదు. అంచు దగ్గర పెన్సిల్ అక్షరాల తలకట్లు కొన్ని సగంలో తెగి కనబడుతున్నాయి.

చెవులు వేడెక్కాయి. వేడి మెడ దాకా దిగింది. "కోసేశానమ్మా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆ మాటకి ముందు మూడు వందల ఇరవై పుస్తకాలూ, పలకా, పెద్ద ఊరి అధికారీ అడ్డంగా నిలబడ్డారు.

"ఉందమ్మా," అన్నాడు. "ఒక దీపం నుంచి ఇంకో దీపం వెలిగించుకున్నట్టు... అని రాశారు."

అది ఆయన అప్పటికప్పుడు అల్లిన మాట.

టీచరమ్మ తల పక్కకి తిప్పింది. "అంతేనా? 'తప్పు' అన్న మాట లేదూ?"

"లేదమ్మా."

"ఇంకోసారి చూడండి. 'ఇక్కడ నేను రాసింది తప్పు' అని ఉండాలి."

"లేదమ్మా. దీపాల గురించే ఉంది."

"అయితే..." ఆవిడ చేతులు పుస్తకం మీద ఊరికే ఉండిపోయాయి. "రాశాననే అనుకున్నా. ఆరేళ్ళుగా నా తప్పులన్నీ ఆ మార్జిన్లలోనే దిద్దుకుంటూ వచ్చా. అది రాసిన రోజు కూడా గుర్తుంది, కిటికీలోంచి ఎండ పడుతోంది. రాయలేదన్నమాట. అనుకుని ఊరుకున్నానన్నమాట." చిన్నగా నవ్వడానికి చూసింది. "కళ్ళు పోతున్నాయని ఏడ్చాను గానీ, బుర్ర కూడా పోతోందని ఇప్పుడే తెలిసింది. ఇంక దేన్ని నమ్మను బైండరు గారూ?"

ఆయన లేచి నిలబడ్డాడు. "వెన్ను ఇంకా పూర్తిగా ఆరలేదమ్మా. రెండ్రోజులు బరువు కింద పెట్టి తెస్తా," అన్నాడు. అది రెండో అబద్ధం. పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, తువ్వాలు అక్కడే మర్చిపోయి బయటపడ్డాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఇంటావిడ రెండుసార్లు ఆయన ముఖంలోకి చూసింది.

"ఏంటీ, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"మరి ఇవాళ ఆ పెద్ద ఊరి అధికారి రాలేదేం? రోజూ మీతో పాటే వచ్చి కూర్చుంటాడుగా అన్నానికి."

ఆయన నవ్వలేదు. ముద్ద కలిపినట్టే కలిపి కంచంలోనే ఉంచాడు. ఆవిడ హాస్యం పక్కన పెట్టి, "ఏం చేశారు?" అంది. ఏమైంది అనలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి.

చెప్పాడు. కోత సంగతి చెప్పగలిగాడు, దీపాల మాట దగ్గర మాత్రం తల కంచంలోకి వంగిపోయింది.

"కోసింది చెయ్యి జారి అనుకుందాం," అంది ఆవిడ. "ఆ కళ్ళు లేనావిడకి లేని రాత చదివారే, అది కూడా చెయ్యి జారే?"

ఆయన కంచం పక్కకి జరిపాడు. తన చేతుల్ని చూసుకున్నాడు, తన మోకాళ్ళని చూసుకున్నాడు. ఒళ్ళు ఉన్నందుకు సిగ్గుపడ్డ ఆ పాతకాలం మనిషిని వారం కిందట నవ్వులాటగా తీసుకున్నాడు. ఇప్పుడు ఈ ఒంటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

మర్నాడు పొద్దున్న గదికి వెళ్ళగానే ముందు చెల్లెమ్మ ఎదురుగా నిలబడ్డాడు. "నువ్వు చెప్పావు. నేను వినలేదు," అన్నాడు. పాతికేళ్ళలో ఆవిడ ఆ నోట విన్న మొదటి ఒప్పుకోలు అది. ఎత్తిపొడవడానికి నోరు తెరిచిన ఆవిడ, ఆయన ముఖం చూసి మూసేసింది.

"సంచీ వెళ్ళిపోయిందన్నా."

"తెలుసు. ఈపాటికి అట్టైపోయుంటుంది. ఏదో ఒకరోజు దాన్నే నేను ఇంకో పుస్తకానికి తొడుగుతా."

"వెన్ను మీద కొన్ని అతికావుగా?"

ఆయన అప్పటికే కత్తి తీశాడు. తను కట్టిన వాటన్నిటిలోకీ అందమైన పుస్తకాన్ని అట్ట మడత దగ్గర కోసి విడదీశాడు. పాత జిగురు మెత్తబడటానికి వెన్నుకి తడిజిగురు దట్టంగా పట్టించి, నానేదాకా ఆగి, ఒక్కో ముక్కనీ దబ్బనం మొనతో లేపాడు. పెన్సిల్ రాత తడికి చెరగదు. అయిదు ముక్కల్లో రెండు చిరిగిపోయాయి. మూడు చేతికొచ్చాయి. చెల్లెమ్మ వాటిని అద్దుడు కాగితంలో పెట్టి ఆరబెట్టింది.

ఒకదాని మీద ఇలా ఉంది: "తప్పు. ఆధారం లేదు. అలా ఉంటే బావుణ్ణన్న నా కోరిక మాత్రమే."

గురువారం సాయంత్రం ఎండ తగ్గకముందే ఆయన టీచరమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, మీ బుర్రకి ఏమీ కాలేదు. మార్జిన్లన్నీ నేను కోసేశాను. అడగలేదు, మీ నాలుగో అధ్యాయం చదివి నాకు అంతా తెలిసిపోయిందనుకున్నా. ఆరోజు మీకు చదివింది మీ రాత కాదు, నేను కల్పించింది. నూట పదకొండులో మీరు 'తప్పు' అని రాశారు. ఇదిగో, ఈ ముక్క దొరికింది." చదివి వినిపించాడు.

ఆవిడ ఒక్క మాట కూడా వదలకుండా విని, "అది నూట పదకొండుది కాదు," అంది.

"కాదా అమ్మా?"

"నలభయ్యోది. నూట పదకొండులో ఇంతకంటే పెద్ద తప్పు దిద్దాను." ఆవిడ ముఖం ఒక్క క్షణం విప్పారింది. "చూశారా, గుర్తుంది! నాకు గుర్తుంది!"

ఆ తర్వాత ఆ వెలుగు పోయింది. కోపం వచ్చింది. రావలసిన కోపమే.

"ఆరేళ్ళండీ. పుస్తకంలో మూడు మతాలూ ఒకే గిన్నెలోంచి తాగాయని గట్టిగా రాసేశాను. తర్వాత చదువుకున్న కొద్దీ, ఇక్కడ తొందరపడ్డాను, ఇక్కడ నాకు తెలీదు, ఇది వాళ్ళు సొంతంగా కనుక్కున్నది అని పక్కన ఒప్పుకుంటూ వచ్చాను. మీరు తీసేసింది నా చిత్తు రాత కాదు, నా సిగ్గు. అది లేకుండా ఆ పుస్తకం బీరువాలో ఉంటే, అన్నీ తెలుసని చెప్పుకునే మనిషి పుస్తకం అది."

ఆ చివరి మాట ఆవిడ తన గురించే అంది. అయినా అది ఆయనకి తగలవలసిన చోటే తగిలింది.

"ఎక్కువైంది తీసెయ్యమన్నారు కదమ్మా అందులో," అన్నాడు చిన్నగా. సమర్థించుకోవడానికి కాదు, ఎక్కడ తప్పాడో తెలుసుకోవడానికి.

"ఎవరిది వాళ్ళు తీసేసుకోమన్నారు. శిల్పి చెక్కేది తన విగ్రహాన్ని. పక్కింటివాళ్ళది కాదు."

ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం ఆవిడకి కనబడదని గుర్తొచ్చి, "అవునమ్మా," అన్నాడు.

ఆవిడే మళ్ళీ అంది. "ఆ వాదం మొదలుపెట్టిన గురువు మాటలు వేరే తత్వవేత్త పేరు మీద అరబ్బీలోకి వెళ్ళి కొన్ని వందల ఏళ్ళు అలాగే తిరిగాయి. పాపం చదివినవాళ్ళంతా అవి ఆ తత్వవేత్తవే అనుకున్నారు. మీ దీపాలు కూడా నా పేరు మీద అలా తిరిగేవి." నవ్వలేదు, అలాగని గొంతులో వాడీ లేదు. "కూర్చోండి. మీరు చదవండి. ఒక్కో పేజీ దగ్గర ఆగండి. గుర్తున్నంత చెప్తాను, రాయండి."

"ఎక్కడ రాయనమ్మా? చోటేదీ?"

"అది మీ పని. పుస్తకాలు కట్టేది మీరు."

ఆయన ఆలోచించి పేజీల మధ్య కొత్త కాగితం పట్టీలు పెట్టి కుట్టాడు. పేజీ కంటే రెండు వేళ్ళు బయటికి పొడుచుకొచ్చే పట్టీలు. నాలుగు నెలలు రోజూ సాయంత్రం టీచరమ్మ ముందుగదిలో కూర్చుని చదివాడు, ఆగాడు, రాశాడు. ఏడు బళ్ళకీ మొదటి బహుమతి తెచ్చిన ఆ చేతిరాతతోనే ఆవిడ తప్పులు రాశాడు. కఠినమైన మాటలు వచ్చినప్పుడు వత్తులూ దీర్ఘాలూ అడిగి రాసుకునేవాడు. అలా అడగడం ఆయనకి అలవాటు లేని పని. గుర్తురాని చోట ఆవిడ, "ఇక్కడ ఏదో ఉండేది, పోయింది. పట్టీ ఖాళీగా ఉంచండి," అనేది. అలాంటి ఖాళీ పట్టీలు ఇరవై తొమ్మిది. ప్రతిదాన్నీ తిప్పేటప్పుడు ఆయన తల ఎత్తలేదు.

నూట పదకొండో పేజీ పట్టీ మీద ఆవిడ చెప్పింది రాశాక, ఆయన అడిగాడు. "దీపాల అబద్ధం కూడా రాయనా అమ్మా, నేను చెప్పానని?"

"అది నా మార్జిన్ కాదు. మీకు రాయాలనుంటే మొదటి పేజీకి ఒక పట్టీ కుట్టుకోండి."

కుట్టుకున్నాడు. అందులో మూడు వాక్యాలు ఉన్నాయి. ఈ పుస్తకం అంచులు అడగకుండా కోయబడ్డాయి. రాసినావిడ అడిగినప్పుడు లేని మాట ఉందని చదవబడింది. రెండూ చేసింది దీన్ని కట్టినవాడే.

పుస్తకం పూర్తయ్యేసరికి ఉబ్బిపోయింది. పట్టీలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పొడుచుకొచ్చి, అంచు మళ్ళీ చింపిరి జుట్టులా తయారైంది. గోలీ పెడితే మొదటి అంగుళంలోనే ఆగిపోతుంది. కోత మిషన్ పక్కనుంచే దాన్ని మోసుకుంటూ ఆయన లైబ్రరీలోకి వెళ్ళాడు. మూడు నెలల కిందట కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ బల్ల దగ్గర ఉంది. చదువుకోవడానికి వచ్చినవాళ్ళు చుట్టూ పదిమంది దాకా ఉన్నారు. ఆ అమ్మాయి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పింది. అరలో పెట్టి చూసింది, పట్టలేదు.

"ఇదేంటండీ, అంచులిలా ఉన్నాయి? ఇది ఎవరు కట్టారు?"

చదువుకునేవాళ్ళు తలలెత్తి చూశారు. మాస్టారు ముందుకి అడుగు వెయ్యలేదు. ఉన్నచోటే నిలబడి, రెండు చేతులూ పక్కకి దించుకుని, చెవులు మళ్ళీ వేడెక్కుతుండగా చెప్పాడు.

"నేనే అమ్మా."

ఇంకేదైనా చెప్తాడేమోనని ఆ అమ్మాయి కొంచెంసేపు ఆగింది. చెప్పలేదు. ఆ అమ్మాయి పుస్తకాన్ని బల్ల మీద పడుకోబెట్టి, మొదటి పేజీ తీసి, ఆ పట్టీ చదవడం మొదలుపెట్టింది. ఆయన అది పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.